గుల్లలో కాపురముండే చిక్కం చేప: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రపు నీళ్ళు వెనక్కు తీసే పాటు సమయంలో కాకినాడ ఉప్పుటేరు పక్కన ఖాళీ ఆలిచిప్పను కదిపితే ఒక్కోసారి లోపల నుంచి చిటికెన వేలంత చేప తుళ్ళిపడుతుంది. "ఇదేం చేప మాస్టారూ?" అని అక్కడ మొదలవుతాయి ప్రశ్నలు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. వీటిలో కొన్ని మా బడి పిల్లలవి, కొన్ని పడవవాళ్ళవి, ఒకటి రెండు మా ఇంటావిడవి.

బ్లెన్నీ అంటే అసలు ఏ రకం చేప?

ఒడ్డుకు దగ్గరగా, లోతులేని నీళ్ళలో, సందుగొందుల్లో బతికే చిన్న చేపల కుటుంబం. శాస్త్రంలో బ్లెన్నిడే అంటారు. దాదాపు 400 జాతులున్నాయి. వీటి ఒంటి మీద పొలుసు ఉండదు, జిగురు పూత ఉంటుంది. గ్రీకులో 'బ్లెన్నోస్' అంటే చీమిడిలాంటి జిగురు అని అర్థం, పేరు అక్కడి నుంచే వచ్చింది. పళ్ళు సన్నగా, ఒకే వరసలో, దువ్వెన పళ్ళలా ఉంటాయి.

నేను చెప్పబోయే చేప ఆ 400లో ఒకటి. శాస్త్రీయ నామం ఓమోబ్రాంకస్ పంక్టాటస్, ఇంగ్లీషులో మజిల్డ్ బ్లెన్నీ. ఎంత పెరిగినా పది సెంటీమీటర్లు దాటదు. 1836లో వలెన్సియెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించి పేరు పెట్టాడు. అందుకు వాడిన నమూనాలు బొంబాయి నుంచి వెళ్ళినవి. అంటే ఈ చేప లోకానికి పరిచయమైందే మన దేశపు నీళ్ళలోంచి.

తెలుగులో దీని పేరేమిటి?

బజారుకు రాని చేపకు బజారు పేరు పుట్టదు. పులసకు పేరుంది, చందువాకు పేరుంది, ఆఖరికి ఇసుక దొందుకు కూడా ఉంది. ఎందుకంటే ఎవరో ఒకరు వాటిని తట్టలో పెట్టుకుని వీధిలో కేకేయాలి కదా. దీన్ని కేకేసి అమ్మేదెవరు? వలలో పడితే చిల్లర చేపల కుప్పలో పోతుంది.

పాట్రిక్ రస్సెల్ అని ఒక వైద్యుడు ఈస్టిండియా కంపెనీ రోజుల్లో విశాఖపట్నంలో ఉండి, అక్కడి తీరంలో దొరికే రెండు వందల చేపలకు బొమ్మలు వేయించి 1803లో అచ్చు వేశాడు. ఒడ్డున జనం ఏమని పిలుస్తారో అడిగి ఆ పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఆ పేర్లు చదువుతుంటే ఏ చేప కూరకు పనికొచ్చిందో దాని పేరే నిలిచిందనిపిస్తుంది.

నేనైతే పిల్లలకు 'చిక్కం చేప' అని చెబుతాను. ఇంగ్లీషు పేరులోని మజిల్ అంటే ఎద్దు మూతికి కట్టే చిక్కమే. దీని తల పక్కల నుంచి కిందికి దిగే ముదురు పట్టీలు చూస్తే, కళ్ళంలో గడ్డి మేయకుండా ఎద్దుకు కట్టే తాళ్ళు గుర్తొస్తాయి. ఇప్పుడు చిక్కం అంటే ఏమిటో కూడా పిల్లలకు చెప్పాల్సి వస్తోందనుకోండి. కోత మిషను వచ్చాక ఎద్దు మూతి ఎవరు చూశారు?

చూడగానే ఎలా గుర్తుపట్టాలి?

మొప్ప చూడండి, తక్కినవి తర్వాత. కొరమీనును ఎత్తాలంటే మొప్పలో వేలు పెట్టి ఎత్తుతాం. మామూలు చేపకు మొప్ప తలుపు చెంప పొడుగునా తెరుచుకుంటుంది. దీనికి అంత తలుపు లేదు. పక్క రెక్క మొదలుకు కాస్త పైన, మనిషికైతే భుజం ఉండేచోట, చిన్న కన్నం ఉంటుంది, అంతే. గ్రీకులో 'ఓమోస్' అంటే భుజం, 'బ్రాంకస్' అన్నది మొప్పకు సంబంధించిన మాట. పేరులోనే గుర్తు పెట్టేశారు. పంక్టాటస్ అంటే చుక్కలది. ఒంటి మీద ముదురు చుక్కలు, తెగిన గీతలు వరసలు కట్టి తోక వైపు వెళతాయి. వీపు రెక్క మెడ దగ్గర మొదలై తోక దాకా ఒకటే పొడుగున సాగుతుంది. గొంతు కింద రెండు దారపు పోగుల్లాంటి రెక్కలుంటాయి. వాటిని కాళ్ళలా ఆనించి తల ఎత్తి చూస్తుంది.

ఇదంతా పుస్తకం చెప్పేది. నేను మొదటిసారి తీరిగ్గా చూసింది తాళ్ళరేవు వైపు ఒక ఏటి గట్టున. అమావాస్య పాటు. నీళ్ళు బాగా తీసేశాయి. వరసకు బాబాయ్ అని పిలిచే ఒకాయన పడవను ఒడ్డుకు లాగి పక్కకు ఒరగేసి అడుగు గీకుతున్నాడు. ఇనప బద్దతో గీకిన చోటల్లా తెల్ల గుల్లలు పెళ్ళలు పెళ్ళలుగా రాలుతున్నాయి. ఒక పెళ్ళ నా కాళ్ళ దగ్గర పడి, అందులోంచి చేప బురద మీదికి దూకింది.

"ఆయ్, గుల్ల పురుగండి అది. పారేయండి మాస్టారూ" అన్నాడు ఆయన, చెయ్యి ఆపకుండానే.

టిఫిన్ గిన్నెలో ఏటి నీళ్ళు ముంచి అందులో వేశాను. ఈదుతుందనుకున్నాను. ఈదలేదు. అడుగున కూర్చుని, తోక ఒక పక్కకు వంచుకుని, కళ్ళు ఒకటి అటూ ఒకటి ఇటూ తిప్పుతూ చూసింది. రాలిన గుల్లల్లో ఖాళీది ఒకటి ఏరి గిన్నెలో పెట్టాను. చేప దాని ముందుకు వచ్చి లోపలికి తొంగి చూసింది. అక్కడే వెనక్కు తిరిగి, తోకను ముందుగా లోపలికి పెట్టి, కారు రివర్సులో పెట్టినట్టు జారుకుంది. మొదటిసారి పట్టలేదు, బయటకొచ్చి మళ్ళీ సర్దుకుంది. రెండోసారికి ఒళ్ళంతా లోపల, తల మాత్రం బయట. గిన్నెను తట్టినా కదల్లేదు. బాబాయ్ కూడా బద్ద పక్కన పెట్టి వచ్చి చూసి, "ఇల్లు దొరికిందండి దానికి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఈ చేప గురించి నేను విన్న మాటల్లో ఇంతకు మించింది లేదు.

మడ అడవిలో బురద మీద గెంతే చేపే కదా ఇది?

కాదు. అందరూ పొరబడేది ఇక్కడే. కోరింగలో చెక్కల వంతెన మీద నడుస్తుంటే కింద బురదలో కళ్ళు ఉబ్బించుకుని గెంతుతూ కనిపించేవి మడ్ స్కిప్పర్లు. అవి గోబీలనే చేపల వైపు బంధువులు, ఇసుక దొందుకు దగ్గరివి. బురదలో సొంతంగా బొరియ తవ్వుకుంటాయి. చిక్కం చేప తవ్వదు. ఎవరో కట్టి వదిలేసిన ఇంట్లో దూరుతుంది. బ్లెన్నీల్లోనూ గెంతేవి ఉన్నాయి. రాతి తీరాల్లో అల విరిగిపడే చోట బండ మీద నుంచి బండ మీదికి ఎగిరేవి. మనది ఆ కోవ కాదు, గడప దాటితే భయపడే రకం.

డెల్టాలో ఎక్కడ చూసినా బురద, ఇసుకే. రాళ్ళ సందుల్లో ఉండే చేపకు ఇక్కడేం పని?

ఇదే అసలు ప్రశ్న. దీనికి జవాబు దొరికితే తక్కినవన్నీ వాటంతటవే విడిపోతాయి.

ధవళేశ్వరం దగ్గర కొండలున్నాయి. ఆనకట్టకు కాటన్ దొర రాయి కొట్టించింది అక్కడే. ఆ పని 1852కు పూర్తయింది. అక్కడి నుంచి కిందికి దిగితే సముద్రం దాకా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. కోనసీమలో రుబ్బురోలు కూడా బయటి ఊరి రాయే. మరి గట్టి ఆధారం లేనిదే బతకలేని చేప ఇక్కడ ఏం పట్టుకుని వేలాడుతుంది?

ఆలిచిప్పను పట్టుకుని. ఉప్పుటేళ్ళలో పెరిగే ఆలిచిప్ప పిల్లగా ఉన్నప్పుడు ఏదో ఒక గట్టి దానికి, మడ వేరుకో వంతెన స్తంభానికో మునిగిన చెక్కకో, అంటుకుంటుంది. ఇక జీవితాంతం కదలదు. తర్వాత పుట్టిన పిల్లకు తల్లి గుల్లే రాయి. దాని మీద ఇంకోటి, ఆ పైన ఇంకోటి. ఇలా పదేళ్ళు పోతే బురద మధ్యలో చిన్న గుట్ట లేస్తుంది. అందులో చచ్చినవాటి గుల్లలు ఊడిపోవు. కింది చిప్ప అంటుకునే ఉంటుంది, పైచిప్ప సగం తెరుచుకుని ఉంటుంది. చిక్కం చేపకు కావలసినది ఆ సగం తెరుచుకున్న తలుపే. వెనక నుంచి ఎవరూ రాలేరు, ముందు నుంచి వచ్చేవాడి మీద కోరలున్న నోరు కాపలా. పాటులో నీళ్ళు తీసినా గుల్ల అడుగున రెండు చెంచాల నీళ్ళు నిలుస్తాయి. పైన పొలుసులేని ఒంటికి జిగురు పూత ఉండనే ఉంది. మళ్ళీ పోటు వచ్చేదాకా గడిచిపోతుంది.

అందుకే నేనంటాను, దీనిది నీటి చిరునామా కాదు, కన్నం చిరునామా. సముద్రమా, ఏరా, పడవ అడుగా అన్నది తర్వాత. తోక పట్టేంత కన్నం గట్టి గోడల మధ్య దొరికితే చాలు. పడవల అడుగున ముసిరే బార్నకిల్స్ చచ్చాక మిగిలే గిన్నెల్లాంటి గుల్లలైనా సరే.

ఇంకో మాట. ఈ వందేళ్ళలో మనమే డెల్టాకు రాళ్ళు తెచ్చిపోశాం. కాకినాడ రేవు దగ్గర రాతికట్టలు, ఉప్పాడ వైపు సముద్రపు కోత ఆపడానికి రోడ్డు పొడుగునా పోసిన బండలు, ప్రతి ఏటి మీదా వంతెన కాళ్ళు. వాటిని చూసి మనకు రోడ్డు గుర్తొస్తుంది. కన్నాల్లో బతికే చేపకు అది కొత్తగా వేసిన కాలనీ.

వరదొచ్చి ఏరంతా తియ్యనీరైతే చచ్చిపోదా?

ఉప్పు హెచ్చుతగ్గులను బాగా ఓర్చుకునే చేప ఇది. నదీముఖాల్లో బతికేదానికి అది లేకపోతే కుదరదు. వేసవిలో కాకినాడ అఖాతం నీళ్ళు నోట్లో పోసుకుంటే కక్కొస్తుంది. ఆగస్టులో ఎర్రనీరు దిగాక అదే చోట రుచి వేరు. పులసలు ఎదురీదే రోజులవి. ఆలిచిప్పలు అప్పుడు నోరు మూసుకుని కూర్చుంటాయి. తియ్యనీరు మరీ ఎక్కువ రోజులు నిలిస్తే కొన్ని చచ్చిపోతాయి కూడా. వాటి గుల్లలు ఖాళీ. చెప్పకూడదు గానీ, ఒకరి చావు ఇంకొకరికి అద్దెల్లేని ఇల్లు.

ఈ చేప ఉండే పరిధి ఎంత?

సహజంగా ఉండేది పర్షియన్ గల్ఫ్ నుంచి భారత తీరాల మీదుగా తూర్పున జపాన్ వైపు, దక్షిణాన ఆస్ట్రేలియా దాకా. మ్యాపులో ఈ మొత్తానికీ రంగు పూస్తారు కానీ అలా చూసి మోసపోవద్దు. నడి సముద్రంలో ఇది ఉండదు. తీరాన్ని అంటిపెట్టుకున్న నదీముఖాలు, మడ అడవులు, రేవులు, అల పోయాక నీళ్ళు నిలిచే గుంటలు, వీటన్నిటినీ దారంతో గుచ్చితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది దీని పరిధి. మధ్యలో ఇసుక తీరం వంద కిలోమీటర్లున్నా అక్కడ ఖాళీయే. మన గౌతమి, వశిష్ఠ ముఖాలు ఆ దండలో రెండు పూసల్లాంటివి.

పెద్దది కదలదు, మరి పూసకూ పూసకూ మధ్య ప్రయాణం ఎవరు చేస్తారంటే, పిల్లలు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల కొన్నాళ్ళు ఒడ్డు దగ్గరి నీళ్ళలో తేలుతూ ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంది. తర్వాత గట్టి నేల వెతుక్కుని దిగుతుంది.

ఇక సహజం కాని పరిధి ఇంకోటి ఉంది. ట్రినిడాడ్, వెనిజులా, కొలంబియా, పనామా, బ్రెజిల్. అన్నీ అట్లాంటిక్ వైపువే. పనామాలో కాలువ లాకుల్లో కూడా దొరికింది. లాకులంటే మనకు చెప్పక్కర్లేదు కదా, ధవళేశ్వరం నుంచి ప్రతి కాలువ మీదా ఉన్నవే, కాకపోతే అక్కడివి ఓడలు పట్టేంత పెద్దవి.

సప్త సముద్రాలు దాటి ట్రినిడాడ్ ఎలా వెళ్ళింది?

ఓడెక్కి. ఎక్కిందంటే పైన కాదు, అడుగున.

చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలను ట్రినిడాడ్ తీసుకుపోవడం 1845లో మొదలైంది. ఆ ఏడాది మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ మొదటి జట్టును అక్కడ దించింది. 1917 దాకా కలకత్తా నుంచి, కొంతకాలం మద్రాసు నుంచి కూడా ఓడలు వెళుతూనే ఉన్నాయి. నెలల తరబడి ప్రయాణం. బయలుదేరే ముందు ఓడ నదీముఖంలోనో రేవులోనో రోజుల తరబడి లంగరేసుకుని ఉంటుంది, ఆ నీళ్ళలో అడుగున గుల్ల పడుతుంది. గుల్లలో చేప, చేప పక్కన గోడకు అంటించిన గుడ్లు. ఇండియాకూ కరీబియన్‌కూ మధ్య తిరిగిన ఆ ఓడలతోనే చేప అటు చేరి ఉంటుందని శాస్త్రవేత్తలు ఊహిస్తున్నారు. సాక్షి సంతకం ఏమీ లేదు, ఊహే. కానీ ఈ చేప బతికే తీరు తెలిసినవాళ్ళకు అది నమ్మశక్యంగానే ఉంటుంది.

నాకు ఇక్కడ మా కోరంగే, అదే కోరింగే, గుర్తొస్తుంది. ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టే ఊరు. 1839 తుఫానులో మట్టికొట్టుకుపోయింది. అయినా ఇక్కడి నుంచి ఎందరు సముద్రం దాటారంటే, బర్మాలో తెలుగు కూలీ అంటే 'కోరంగీ' అనే పేరే స్థిరపడిపోయింది. మనుషులు ఓడ పైన, చేప ఓడ కింద. ఇద్దరినీ ఎవరూ లెక్కలో రాయలేదు, లేదా రాసినా తప్పు పేరుతో రాశారు.

మధ్యధరా సముద్రంలో కూడా దొరికిందట కదా?

దొరికింది. ఇజ్రాయెల్ తీరంలో దొరికినట్టు 2004లో ప్రకటించారు. ఎర్ర సముద్రం వైపు చేపలు సూయెజ్ కాలువలో ఈదుకుంటూ అటు పోవడం మామూలే, కానీ దీని విషయంలో అనుమానం ఓడ మీదే పడింది. గడప దాటని చేప కాలువ పొడుగునా ఈదుకుంటూ పోవడం కంటే ఇంటితో సహా మోసుకుపోబడటమే తేలిక.

మరి కొత్త చోటికి పోయి అక్కడివాటిని పాడు చేస్తోందా?

పాము వచ్చి కోళ్ళ గూట్లో పడ్డంత కాదు. ఖాళీ కన్నాల కోసం అక్కడి చిన్న చేపలతో పోటీ పడుతుందన్నది ఆలోచించాల్సిన సంగతి. అయితే ఇదే అచ్చు పని తిరగేసి మనకు జరిగింది. మధ్య అమెరికా, కరీబియన్ తీరపు నల్ల చారల మసెల్ ఒకటుంది, మైటిలాప్సిస్ సాలీ. చూడటానికి గోరంత గుల్ల. 1960ల చివర్లో విశాఖ రేవులో బయటపడింది. గుత్తులు గుత్తులుగా గోడలకీ తాళ్ళకీ పట్టేసి నానా తిప్పలు పెట్టింది. అదీ ఓడ అడుగునే వచ్చింది. మనం చేపను పంపాం, వాళ్ళు గుల్లను పంపారు. ఎవరూ ఎవరినీ అడగలేదు.

గుడ్లు ఎక్కడ పెడుతుంది? పిల్లల్ని చూసుకుంటుందా?

ఆడది గుల్ల లోపలి గోడకు గుడ్లు అంటించిపోతుంది. ఒక్కో గుడ్డుకు అడుగున జిగురు పీట ఉంటుంది, అది ఊడదు. ఆ తర్వాత కాపలా అంతా మగదే. గుడ్ల పక్కనే పడుకుని, రెక్కలాడిస్తూ కొత్త నీళ్ళు తగిలేలా చూస్తుంది. గుల్లను చేతిలోకి తీసుకున్నా పారిపోకుండా లోపలే బిగుసుకుని ఉన్న చేప కనిపిస్తే అది మగది, లోపల గుడ్లున్నాయి అనుకోవచ్చు. మెల్లగా పెట్టేయండి.

మా ఇంటావిడ ఇది విని, "చూసి నేర్చుకోండి" అంది. జవాబు చెప్పలేదు.

ఏం తింటుంది?

గుమ్మం ముందుకొచ్చినది. చిన్న చిన్న రొయ్య జాతి పురుగులు, వానపాముల్లాంటి సముద్రపు పురుగులు, గుల్ల మీద పట్టిన నాచు. దీన్ని తినేవాళ్ళూ తక్కువేం కాదు, పీతలు, కొంగలు, తనకంటే పెద్ద చేపలన్నీ.

కరుస్తుందా? విషముందా?

కరుస్తుంది. కింది దవడలో వెనగ్గా రెండు వంకర కోరలున్నాయి. గుల్లలో వేలు పెడితే పట్టుకుంటుంది. ఇంత చేపకు ఇంత పౌరుషమా అని నవ్వొస్తుందే కానీ చిన్న గాటుకు మించి ఏం కాదు. విషం లేదు.

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. బ్లెన్నీల్లోనే మీయకాంథస్ అనే రకం ఉంది, పగడపు దిబ్బల దగ్గరుంటుంది. దాని కోరల్లో నిజంగానే విషం ఉంది. 2017లో దాన్ని పరీక్షించినవాళ్ళు తేల్చిందేమిటంటే, అది పెద్దగా నొప్పి పుట్టించదు. నల్లమందు తరహాలో పనిచేసి, కాటు తిన్న చేపకు బీపీ పడిపోయేలా చేస్తుంది. మింగబోయిన పెద్ద చేపకు మైకం కమ్మి నోరు తెరుస్తుంది, లోపలిది బయటికొచ్చేస్తుంది. ఇంకో బంధువు ఆస్పిడాంటస్ మరీ ఘటికురాలు. పెద్ద చేపల ఒంటి మీది పురుగులు ఏరి శుభ్రం చేసే నీలం చారల చేప ఒకటుంటే, అచ్చం దాని వేషం వేసుకుని దగ్గరికెళ్ళి, రెక్క కొరుక్కుని పారిపోతుంది. ఈ కుటుంబంలో మన చిక్కం చేపే అమాయకురాలు.

కూరకు పనికొస్తుందా?

శుభ్రం చేయడానికి పట్టే టైములో నాలుగు కిలోల రొయ్యలు వొలవచ్చు.

ఇంట్లో అక్వేరియంలో పెంచుకోవచ్చా?

పెంచడం తర్వాతి మాట, తేవడం దగ్గరే ఆగాలి. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. దాని హద్దుల లోపల అనుమతి లేకుండా ఏ ప్రాణినీ తీసుకోకూడదు, చేపతో సహా. వన్యప్రాణి చట్టం 1972 నాటిది, ఫారెస్టువాళ్ళకు కంఠతా వచ్చు.

హద్దుల బయట దొరికినదాన్ని నేనొకసారి హార్లిక్స్ సీసాలో ఇంటికి తెచ్చాను. ఉద్యోగంలో చేరిన కొత్త, ఉత్సాహం. మూతకు కన్నాలు పెట్టాను, గుల్ల కూడా వేశాను. వేసిన గుల్ల లోపల సగం చచ్చిన ఆలిచిప్ప ఉందని చూసుకోలేదు. తెల్లారేసరికి నీళ్ళు పాలలా విరిగాయి, చేప పైకి తేలింది, ఇల్లంతా వాసన. వారం రోజులు ఆ సీసా గురించి మాటలు పడ్డాను. ఉప్పునీళ్ళ ట్యాంకు నడపడం తెలిసినవాళ్ళ సంగతి వేరు. అది లేనివాళ్ళు గట్టున కూర్చుని చూడటం మేలు.

ఆలిచిప్పలు, గుల్లలు ఏరుకుపోతే దీనికి ఇబ్బంది కాదా?

గుల్ల సున్నం కోసం కాకినాడ అఖాతంలో గుల్ల తీయడం ఎప్పటి నుంచో ఉన్న పని. బతుకుతెరువు. ఎక్కువగా తీసేది అడుగు బురదలో పడుకునే పలచటి అద్దపు చిప్పలను, వాటిలో ఈ చేప ఉండదు. సమస్య వచ్చేది స్తంభాలకూ వేళ్ళకూ పట్టిన ఆలిచిప్పల గుట్టను మొత్తంగా గునపంతో లేపేసినప్పుడు. తిండికి తీసేవాళ్ళు బతికున్నవాటినే తెరిచి మాంసం తీసుకుని, గుల్లలు అక్కడే వదిలితే చిక్కు లేదు. పాతవాళ్ళు చాలామంది అలాగే చేస్తారు, మోత తగ్గుతుందని. గుట్ట మిగిలితే మరుసటేడు పిల్ల దాని మీదే పడుతుంది.

హోప్ ఐలాండ్ ఉన్నంతకాలం అఖాతం లోపల కెరటం జోరు తక్కువే. పదహారు కిలోమీటర్ల ఇసుక దిబ్బ అడ్డం పడుకుని ఉంటే గుల్ల గుట్టలు విరగకుండా నిలుస్తున్నాయి. ఆ దిబ్బ కూడా పెద్ద పాతదేం కాదు, మహా అయితే రెండు వందల ఏళ్ళ వయసు. గోదావరి ఇసుక రాకపోకలను బట్టి దాని భవిష్యత్తు, దాన్ని బట్టి వీటి భవిష్యత్తు.

నేనూ చూడాలి. ఎప్పుడు, ఎక్కడికి రావాలి?

అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ, పాటు బాగా తీసే పూట. క్యాలెండరు కంటే ఒడ్డున పడవవాళ్ళను అడగండి, గంట తేడా లేకుండా చెబుతారు. సంక్రాంతి నుంచి వేసవి దాకా నీళ్ళు తేటగా ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి అడుగులు గీకేది ఎక్కువగా అప్పుడే. ఎవరినైనా మంచి చేసుకుని పక్కన నిలబడితే రాలిన పెళ్ళల్లో వెతుక్కోవచ్చు.

ఏరు దగ్గరైతే పాత వంతెన కాళ్ళ చుట్టూ చూడండి. చేతికి గుడ్డ చుట్టుకోండి, ఆలిచిప్ప అంచు బ్లేడుతో సమానం. వంగి, నీడ పడకుండా, సగం తెరుచుకున్న గుల్ల ముందు రెండు నిమిషాలు కదలకుండా ఉంటే లోపల చీకట్లోంచి మొదట రెండు కళ్ళు, తర్వాత చిక్కం కట్టిన మూతి కనిపిస్తాయి. సెల్‌ఫోను దగ్గరగా పెట్టగానే వెనక్కు పోతుంది, ఫొటో మీద ఆశ పెట్టుకోకండి.

చెప్పులు మాత్రం గట్టు పైన పెట్టి రండి. పోటు చడీచప్పుడు లేకుండా ఎక్కుతుంది. నావి ఇప్పటికి రెండు జతలు పోయాయి.